కోనసీమలో రెండు సెకన్ల ఎండ

మా కర్నూల్లో ఎండని కొలవడానికి థర్మామీటర్లు చాలక ఒక ఏడాది తూకం రాళ్ళు వాడారని మా నాన్న చెప్పేవాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అంత ఎండ ఉన్న ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఒక చీకటి గదిలో కూర్చుని పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తున్నాను. నా వృత్తికి కావలసిన భాషంతా ఒక్కటే మాట: "కదలొద్దు." ఆ మాట నేనంటే మనుషులే కాదు, గోడ మీద బల్లి కూడా పట్టిన పురుగుని నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోతుంది. ఈ గొప్ప ఇప్పుడెందుకంటే, కోనసీమలో నాలుగు రోజులు తిరిగి దాన్ని అక్కడే పోగొట్టుకుని వచ్చాను.

వెళ్ళింది ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్ మీద ఫొటోలు తీయడానికి. ఎరుపు రంగుకి అవతల మన కంటికి అందని వెలుగు ఒకటుంది. ఎండలో అది బోలెడు. పచ్చటి ఆకు దాన్ని లోపలికి రానివ్వకుండా తిప్పికొడుతుంది. నీలాకాశంలో అది దాదాపు ఉండదు. నీళ్ళు దాన్ని మింగేస్తాయి. అందుకని ఆ ఫిల్మ్ మీద ఆకులు వెన్నలా తెల్లగా, ఆకాశమూ నీళ్ళూ కాటుకలా నల్లగా వస్తాయి. మా వీధి చివర తుమ్మచెట్టు మీద ఒకసారి ప్రయత్నించాను. తుమ్మచెట్టు పెళ్ళికూతురిలా వచ్చింది. ముళ్ళ చెట్టే ఇలా వస్తే కొబ్బరిచెట్టు ఎలా వస్తుందోనని నాకు నిద్ర పట్టలేదు.

ఆ తరవాత దొరికింది ఒక్కటే రోల్. రెండు వేల ఎనిమిది వందలు. పన్నెండే ఫొటోలు. మళ్ళీ ఎప్పుడు వస్తుందో అమ్మినవాడికే తెలియదు. ఫొటోల కోసమంటే మా ఆవిడ ఇల్లు కదలనివ్వదు గనక, "మీ చెల్లెల్ని చూసి చాలా రోజులైంది కదా" అన్నాను. ఛార్జీలిచ్చి మరీ పంపింది.

రావులపాలెం: పాలల్లో మునిగిన బిస్కెట్

ఫిబ్రవరి నెల, శుక్రవారం, తెల్లారేసరికి రావులపాలెంలో బస్సు దిగాను. అరటిగెలల లారీలు వరస కట్టి ఉన్నాయి. దేశంలోని కోతులన్నీ కుటుంబాలతో సహా వచ్చి నెల్లాళ్ళు తిన్నా ఒక్క లారీ కూడా ఖాళీ అవదు. పొగమంచులో సూర్యుడు పాలల్లో ముంచి మర్చిపోయిన బిస్కెట్‌లా ఉన్నాడు. బుద్ధి ఉన్నవాడైతే కెమెరా సంచీలోంచి తీయడు. నేను తీశాను.

ఈ ఫిల్మ్‌కి లెన్సు ముందు ఒక ఎర్రగాజు బిగించాలి. ఎరుపనడం మర్యాదకి. చూడ్డానికి బొగ్గుముక్కే. అది మామూలు వెలుగునంతా గుమ్మం దగ్గరే ఆపేసి, కంటికి కనబడని వెలుగుని మాత్రం లోపలికి పంపుతుంది. దాన్ని బిగించాక కెమెరాలోంచి నాకేమీ కనబడదు. ఎండ ఎంత పల్చగా ఉంటే లెన్సు అంతసేపు తెరిచి ఉంచాలి. నడినెత్తి ఎండలో ఒక సెకను, పొద్దుటి ఏటవాలు ఎండలో నాలుగు, మంచులో పది. ఆ పది కూడా దండగే, ఎందుకంటే ఎండ తగలని ఆకు తెల్లబడదు.

గెలలు దించుతున్న ఒక మీసాలాయన్ని అరటాకుల పక్కన నిలబెట్టాను.

"పది సెకన్లు కదలకూడదండీ," అన్నాను.

"ఆయ్," అని తల ఊపారు.

ఒప్పుకున్నారు గదా అని నొక్కాను. నొక్కి, అలవాటు కొద్దీ "కదలకండి" అన్నాను.

"ఆయ్," అని మళ్ళీ ఊపారు.

"అయ్యో, కదలకూడదండీ!"

"ఆయ్ ఆయ్," అని ఈసారి రెండుసార్లు.

పది సెకన్లలో ఆయన తల ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టలేదు గానీ, ఆ గాలికి మంచు కాస్త విడిచింది. వెళ్ళబోతుంటే చక్కెరకేళి అరటిపళ్ళ అత్తం ఒకటి చేతిలో పెట్టారు. డబ్బులివ్వబోయాను.

"అదేంటండీ! మా మొహం పట్టుకెళ్తన్నారు, మా పళ్ళు పట్టుకెళ్ళరా?"

మా ఊళ్ళో ఫొటో తీసినవాడు డబ్బులు తీసుకుంటాడు. ఇక్కడ పళ్ళు తీసుకుంటాడు. ఒక ఫొటో అయింది, పదకొండు మిగిలాయి.

అమలాపురం: ఎండకీ విస్తరికీ ఒకటే ముహూర్తం

మా తోడల్లుడు వీర్రాజు, అంటే మా ఆవిడ చెల్లెలి భర్త, అమలాపురంలో ఉంటాడు. అల్లవరం వైపు కాలవ గట్టున నాలుగెకరాల కొబ్బరితోట ఉంది. కర్నూల్లో ఇంటికొచ్చినవాణ్ణి "తిన్యావా?" అని అడుగుతాం. తిన్నానంటే నమ్ముతాం. కోనసీమలో ఆ ప్రశ్నే పుట్టలేదు. ఎనిమిదింటికి కాఫీ, ఎనిమిదిన్నరకి ఆ కాఫీ తాగినందుకు ఇంకో కాఫీ, తొమ్మిదింటికి పొట్టిక్కలు. పొట్టిక్క అంటే పనసాకుల బుట్టలో ఉడికించిన ఇడ్లీ. మా ఊరి ఇడ్లీ దాని పక్కన నిలబడితే ఉద్యోగం అడగడానికొచ్చినట్టు ఉంటుంది. అవి ముగిసేసరికి పదిన్నర. పదకొండింటికి కొబ్బరినీళ్ళు. పన్నెండున్నరకి పనసపొట్టు కూరతో భోజనం. ఆ తరవాత నేను పడుకున్నానని అంటారు గానీ, నిజానికి అన్నమే నా మీద పడుకుంది. లేచి చూస్తే ఎండ పసుపు రంగులో గోడ దిగిపోతోంది. ఆకు తెల్లబడే వేళంతా నా కడుపులోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే సత్తిబాబు గారూ, నాగమణి గారూ వచ్చారు. ఆయన వీర్రాజు తోటలో కొబ్బరి దింపు తీస్తారు, అంటే చెట్టెక్కి కాయలు కోసి కిందికి దించుతారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి. రాజోలు డాక్టరు గారు ఇక చెట్టెక్కొద్దన్నారు. సోమవారం ఆఖరి దింపు, ఆ తరవాత చెట్టు మొహం చూడనని భార్యకి మాటిచ్చారు. ఆ దింపు సంగతి మాట్లాడటానికే వచ్చారు.

నా కెమెరా చూసి నాగమణి గారు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"అన్నయ్యగారండీ, చెట్టు మీద మనిషిని తీస్తే మొహం వస్తదాండీ?"

"ఎందుకమ్మా?"

"ఆయన్ని చెట్టు మీద నేనెప్పుడూ చూళ్ళేదండి."

సత్తిబాబు గారు నవ్వారు. "ముప్పై ఏళ్ళ బట్టీ కింద కాయలేరేది ఈవిడేనండి. ఒక్కసారి తలెత్తితే ఒట్టు."

"భయమండి," అన్నారావిడ. "నేను చూస్తే కాలు జారతదేమోనని. ఆయనెక్కగానే వీపు తిప్పేసుకుంటాను. మా అల్లుడు ఫోన్లో తీసి చూపించేడండి. ఆకాశమంతా తెల్లగా, మధ్యలో ఈయన నల్లగా, తేనెపట్టులా ఉన్నారు. ఇంక ఎక్కరు కదండీ. ఒక్కసారి మొహం చూడాలనుంది."

నా గురించి తెలిసినవాళ్ళకి తరవాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. నేను కుర్చీలోంచి లేచాను. "అమ్మా, మీకు ఆకాశం నల్లగా, ఆకులు తెల్లగా, మధ్యలో ఈయన కనుబొమ్మల్లో వెంట్రుకలు లెక్కపెట్టుకునేట్టు తీసిస్తాను," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక వీర్రాజు మెల్లిగా, "అన్నయ్య గారూ, వెంట్రుకలదాకా వెళ్ళిపోయేరేంటండి?" అన్నాడు.

శనివారం తెగించాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా ఎండ నాది కావాలంటే టిఫిను మానాలి. మా మరదలితో, "అమ్మాయ్, శనివారం కదా, నాకు ఉపవాసం," అన్నాను.

"అయ్యో, ముందే చెప్పలేదేం బావగారూ!" అని కంగారుగా లోపలికి పరిగెత్తింది. పావుగంటలో ఉపవాసం వచ్చింది. జీడిపప్పు ఉప్మా, అరటిపళ్ళు, పాలు, పూతరేకులు. కొత్తపేట అవతలున్న ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులవి. నా ఫిల్మ్ కంటే పల్చగా ఉన్నాయి, ధర మాత్రం దయగా ఉంటుంది. ఉపవాసం పూర్తయ్యేసరికి మామూలు రోజు కంటే ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

అప్పటికీ వదలకుండా వీధిలో నాలుగు ఫొటోలు తీశాను, సోమవారానికి సాధనగా. పూలమ్మే ఆవిడ, సైకిలు మీద పాలాయన, రిటైరైన పోస్టుమాస్టరు గారు, వీర్రాజు. నలుగురికీ నలుగురూ "కదలకండి" అనగానే "ఆయ్" అని తల ఊపారు. వీర్రాజునైతే ముందే కూర్చోబెట్టి అరగంట శిక్షణ ఇచ్చాను.

"తమ్ముడూ, ఆయ్ అను, తల ఊపకు."

"ఆయ్," అన్నాడు ఊపుతూ.

"తల ఊపకుండా!"

"ఊపకపోతే రావడం లేదండి, లోపలే ఉండిపోతంది."

ఐదు అయ్యాయి, ఏడు మిగిలాయి.

దిండి: గాలికి సైన్సు ఉంది

ఆదివారం దిండి వెళ్ళాను. గోదావరి పాయ, పడవ ఇళ్ళు, ఒడ్డంతా కొబ్బరిచెట్లు. పడవ ఇంట్లో ఒక్క రాత్రికి చెప్పిన ధర విని, పడవతో పాటు గోదావరి కూడా ఇస్తారా అని అడిగాను. నవ్వారు గానీ తగ్గించలేదు. దాహమేసి నలభై రూపాయలిచ్చి బొండం కొనుక్కున్నాను. కోనసీమలో చుట్టరికం పెట్టుకుని కొబ్బరిబొండం కొన్న మొట్టమొదటి మనిషిని నేనేనని వీర్రాజు ఇప్పటికీ ఊరంతా చెప్తున్నాడు.

ఈసారి నడినెత్తి ఎండే పట్టాలని, సరిగ్గా పన్నెండింటికి మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించాను. ఒక్క సెకను చాలు. మబ్బు లేదు. తిండి లేదు. ఆయ్ లేదు, చెట్లే కదా! సరిగ్గా లెన్సు తెరవగానే సముద్రం వైపు నుంచి గాలి లేచింది. కొబ్బరాకులన్నీ ఒక్కసారి ఆయ్ ఆయ్ అని ఊగాయి. మళ్ళీ తీశాను, మళ్ళీ ఊగాయి. నాలుగు ఫొటోలు, నాలుగు దూదేకిన పరుపులు. మిగిలినవి మూడు.

పక్క బల్ల మీద చర్చి నుంచి వస్తూ బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా చూస్తున్నారు. ఒళ్ళో బైబిలు, దాని మీద కళ్ళజోడు. పేరు కరుణమ్మ గారు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సైన్సు చెప్పి రిటైరయ్యారట. నా కష్టం విని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కొక్కటే దిద్దారు.

"పన్నెండింటికి మీకు వెలుగు దండిగా ఉంటదండి, కాదన్ను. కానీ నేల వేడెక్కేక సముద్రం గాలి మళ్ళుద్ది. పదకొండు దాటేక ఇక్కడ ఆకన్నది నిలబడదండి."

"మరి పొద్దున్న?"

"పొద్దున్న గాలుండదు. మీ ఎండా ఉండదు. మంచు, తేమ. ఎండ చెట్టుకి పక్కనించి తగుల్తది, సగం ఆకులు నీడలో ఉండిపోతాయి."

"అయితే పది గంటలకి."

"ఆయ్. పది, పదింబావు. ఎండ మీ వీపుకి, చెట్టు మొహానికి తగలాలి. పడమట గట్టున ఉన్న చెట్టు చూసుకోండి."

పదింటికి ఎండ నాలుగు సెకన్ల నుంచి రెండుకి దిగుతుంది, గాలి ఇంకా లేవదు. పావుగంట! ఇరవై నాలుగు గంటల్లో దేవుడు నాకు కేటాయించింది ఆ పావుగంటే. అది కూడా పొట్టిక్కల వేళకి సరిగ్గా ఎదురుగా పెట్టాడు.

"మరి మనుషులు తల ఊపకుండా ఏం చెయ్యాలండీ?" అనడిగాను.

కరుణమ్మ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "గాలికి సైన్సుంది గానీ దానికి లేదండి. మా క్లాసులో తల ఊపకుండా ఆయ్ అన్నవాళ్ళకి పెన్ను ఇస్తానన్నాను. ఆ పెన్ను నాతోనే రిటైరయిపోయింది." దాన్ని మళ్ళీ పెట్టుకుని, "అసలు మీరు మాట్లాడకండి. మాటంటేనే కదా జవాబొచ్చేది," అన్నారు.

ఇరవై ఆరేళ్ళ వృత్తిలో ఆ ఆలోచన నాకు రాలేదు.

అల్లవరం దారిలో తోట: మిగిలిన మూడు

సోమవారం ఏడింటికల్లా పెరటి తలుపు తీసుకుని దొంగలా బయటపడ్డాను. ఈ రోజు అమృతం పెట్టినా పది దాటాకే ముట్టాలని ఒట్టు పెట్టుకున్నాను. నేను తోటకి చేరిన పది నిమిషాలకి వీర్రాజు మోటారుసైకిలు మీద వచ్చాడు, చేతిలో ఐదు గిన్నెల క్యారేజీ.

"మీ మరదలు ఏడుస్తందండి. అన్నయ్య గారూ, ఒక్క పొట్టిక్క."

"పదింబావు తరవాత."

"చల్లారిపోతాయండి."

"చల్లారనీ."

వీర్రాజు జీవితంలో అంత కఠినమైన మాట వినలేదనుకుంటాను. క్యారేజీ పట్టుకుని దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

సత్తిబాబు గారు మామూలుగా ఆరింటికి మొదలెట్టి ఎండెక్కకముందే దిగిపోతారు. నేను బతిమాలితే, కాలవకి పడమట గట్టున నీళ్ళ మీదికి వంగిన ఒక చెట్టుని చివరికి వదిలారు. నేను తూర్పు గట్టున స్టాండు పాతాను. వీపుకి ఎండ, ఎదురుగా చెట్టు, చెట్టు వెనక మచ్చలేని నీలం. చెట్టు నలభై అడుగులుంటుందని వీర్రాజు అంటాడు. నేను కింద నిలబడి చూశాను గనక నాకు తెలుసు, నాలుగు వందలు.

పదికి ఐదు నిమిషాలు తక్కువ. కాళ్ళకి తాడు బంధం వేసుకుని సత్తిబాబు గారు ఎక్కారు. మోకాళ్ళ నొప్పికి మధ్యలో రెండుసార్లు ఆగారు. ఆయన తాడు బిగించగానే నాగమణి గారు చెట్టుకి వీపు తిప్పి, గట్టున గొంతుక్కూర్చుని, నీళ్ళకేసి చూస్తున్నారు. పైన ఆయన మట్టల మధ్య సర్దుకుని మొహం ఇటు తిప్పారు. బొమ్మ సరిచూసుకున్నాను. ఈ వెలుగుకి ఫోకస్ కాస్త పక్కకి జరుగుతుంది గనక లెన్సుని దాని మీదున్న ఎర్రగీత దాకా తిప్పాను. ఎర్రగాజు బిగించాను. ఇక కెమెరా గుడ్డిది.

పదోది. తెరవగానే చెయ్యంత మబ్బు ముక్క ఒకటి, ఆకాశమంతా ఖాళీగా ఉంటే, సరిగ్గా సూర్యుడి మీదికే వచ్చి కూర్చుంది. పోయింది.

పదకొండోది. ఎండ వచ్చింది, ఆకు నిలబడింది, నా ఆనందం ఆగలేదు. నోరు జారి ఇరవై ఆరేళ్ళ అలవాటు బయటికొచ్చింది: "కదలకండి!"

"ఆయ్!" అని చెట్టు మీంచి. అదీ పోయింది.

"క్షమించండి!" అనబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంటే దానికీ జవాబొస్తుంది.

మిగిలింది ఒక్కటి. పది దాటి ఎనిమిది నిమిషాలు. చివరి మట్టల కొసలు అప్పుడే సన్నగా వణకడం మొదలెట్టాయి. పైన ఆయన మోకాళ్ళు కూడా. ఒకసారి దిగితే ఇక ఎక్కరు. తువ్వాలు తీసి నా నోటికి కట్టుకున్నాను. వీర్రాజుకి వేలు చూపించి బెదిరించాను. కాలవ, ఆకు, పక్షి, అన్నీ ఆగాయి. సత్తిబాబు గారు మట్ట పట్టుకుని శిలలా నిలబడ్డారు.

తెరిచాను. ఒకటి...

"జాగ్రత్తండీ!" అన్నారు నాగమణి గారు, నీళ్ళకేసి చూస్తూనే.

"ఆయ్!" అన్నారు ఆయన పైనుంచి, తల ఊపుతూ.

...రెండు. మూసేశాను.

ఎవరి తప్పు? ఆయన పైనున్నంతసేపూ మధ్యమధ్య అలా పిలవడం ఆవిడకి ముప్పై ఏళ్ళుగా అలవాటు. వెనక్కి చూడరు గనక, ఆ జవాబు వినబడితేనే ఆవిడకి ఊపిరి. అంత సేపు పిలవకుండా ఉన్నది నా కోసమేనని తరవాత వీర్రాజు చెప్పాడు. సత్తిబాబు గారు దిగి తాడు విప్పి, దాన్ని చెట్టు మొదట్లోనే వదిలేశారు. "వచ్చిందాండీ?" అని నాగమణి గారు అడిగారు. మొదటిసారి అబద్ధమాడటానికి నాకు నోరు రాలేదు, ఇంకా తువ్వాలు కట్టే ఉంది. తల మాత్రం ఊపాను. ఆ తరవాత దుఃఖంలో పదకొండు పొట్టిక్కలు తిన్నాను.

కర్నూలు: చీకటి గది

తిరిగొచ్చి రోల్ కడిగాను. మనుషులున్న ఆరింటిని చూసి మా ఆవిడ, "మా చెల్లెలి ఊరివాళ్ళందరికీ రెండేసి తలలున్నాయా?" అంది. నాలుగింటిలో దిండి కాదు, దూది. పదోదాన్ని మబ్బు మింగేసింది.

పన్నెండోది బల్ల మీద పెట్టుకుని ఒక పూటంతా చూశాను. ఇన్నేళ్ళలో నేను తీసినవాటిల్లో అంత మంచిది లేదు. ఆకాశం కాటుక. ఒక్కొక్క ఆకూ వెన్నముద్దలోంచి చీల్చి తీసినట్టుంది. ఈ ఫిల్మ్ మీద ఆకులాగే తెల్లబడ్డ వేళ్ళు, పాదాలు, బంధం తాడులో పురి, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. వెంట్రుకలు లెక్కపెట్టిస్తానన్న మొహం ఒక్కటే లేదు. అది ఉండాల్సిన చోట ఒక తెల్లటి ఊపు, పైనుంచి కిందికి.

ఆవిడ అడిగింది మొహం. నేను తీసింది మొహం తప్ప అన్నీ. పంపకూడదనుకున్నాను. రెండు రోజులు సొరుగులో పెట్టాను. మూడో రోజు, ఇచ్చిన మాటకి ఎదురుపడకుండా దాక్కోవడం నా వల్ల కాక, నా దగ్గరున్న అతి పెద్ద కాగితం మీద ప్రింటు వేసి, క్షమాపణ ఉత్తరం ఒకటి రాసి పంపాను. ఉత్తరం మూడు పేజీలు. ఎండ గురించి, గాలి గురించి, రెండు సెకన్ల గురించి. తప్పంతా సూర్యుడి మీదికి నెట్టడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

వారం తరవాత వీర్రాజు ఫోను నుంచి సత్తిబాబు గారు మాట్లాడారు. "ఈ తెల్లాయనెవరండీ? కాళ్ళు చూసి నేనే అనుకున్నాను," అని నవ్వుతుంటే, నాగమణి గారు ఫోను లాక్కున్నారు.

"అమ్మా, మొహం రాలేదు, క్షమించండి," అన్నాను. "సరిగ్గా అప్పుడే తల ఊపారు."

"నాకే కదండీ ఊపేరు," అన్నారావిడ.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ముప్పై ఏళ్ళ బట్టీ ఆ ఆయ్ వింటన్నానండి. పైన ఎలా అంటారో ఇప్పుడు చూసేను." ఆ వెంటనే, "పటం కట్టించి గోడకి తగిలించేమండి. మీరు మళ్ళీ వస్తారు కదా, అన్నయ్యగారండీ?" అన్నారు.

"ఆయ్," అన్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఫోనులో మాట్లాడుతూ ఎవరికి తల ఊపుతున్నారని అడిగింది.